అవినీతి కేసు నడుస్తుండగా పెన్షన్ ఆపవచ్చా? జార్ఖండ్ కేసు పూర్తి పరిశీలన

అవినీతి కేసు పెండింగ్‌లో ఉండగా రిటైరైన ఉద్యోగులు న్యాయవాదినైన నా దగ్గరకు వచ్చినప్పుడు, సర్వీసు కాగితాలతో పాటు ఒక తీర్పు జెరాక్స్ కూడా తెచ్చుకుంటారు. జార్ఖండ్ ప్రభుత్వం వేసుకున్న అప్పీలు మీద 2013 ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు అది. సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్లుగా తిరుగుతోంది. "కేసు తేలేదాకా పెన్షన్ ఆపకూడదని సుప్రీంకోర్టే చెప్పింది కదండీ, మరి నాది ఎందుకు ఆపారు?" అని అడుగుతారు.

తీర్పు అలా చెప్పిన మాట నిజమే. కానీ ఎవరి విషయంలో చెప్పింది, ఏ రూలు చూసి చెప్పింది అన్నది వదిలేసి ఆ ఒక్క మాటే పట్టుకుంటే ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ రిట్ (హైకోర్టులో వేసే పిటిషన్) నిలబడదు. మన కేసుల్లో ఆ తీర్పు పనికొచ్చే చోటు ఉంది, పనికిరాని చోటూ ఉంది. రెండూ తెలియాలంటే కేసును మొదటి నుంచి చూడాలి. ఆ ఉద్యోగి పేరు ఇక్కడ అవసరం లేదు. న్యాయవాదులకు కావాలంటే సుప్రీంకోర్టు తీర్పుల సంకలనం (2013) 12 ఎస్‌సీసీ 210లో దొరుకుతుంది.

కేసు పూర్వాపరాలు

ఆయన 1966 నవంబరు 2న బీహార్ ప్రభుత్వ పశుసంవర్ధక, మత్స్య శాఖలో ఉద్యోగంలో చేరారు. 1990-91, 1991-92 సంవత్సరాల్లో రాంచీలో కృత్రిమ గర్భధారణ అధికారిగా పనిచేశారు. ఆ రెండేళ్లలో పెద్ద ఎత్తున ఆర్థిక అవకతవకలు జరిగాయంటూ 1996 ఏప్రిల్ 16న ఆయన మీద రెండు కేసులు పెట్టారు. ఐపీసీ సెక్షన్లతో పాటు అవినీతి నిరోధక చట్టం కూడా పడింది.

2000 నవంబరులో బీహార్ విడిపోయి జార్ఖండ్ ఏర్పడింది. ఆయన కొత్త రాష్ట్ర ఉద్యోగి అయ్యారు. క్రిమినల్ కేసులు అలాగే నడుస్తున్నాయి. 2002 జనవరి 30న జార్ఖండ్ ప్రభుత్వం శాఖాపరమైన విచారణకు కూడా ఆదేశించింది. సస్పెన్షన్ కాలం కూడా ఆ తేదీ నుంచే మొదలైంది. ఏడు నెలలు తిరిగేసరికి, 2002 ఆగస్టు 31న, ఆయన పదవీ విరమణ చేశారు. అప్పటికి విచారణా తేలలేదు, కోర్టు కేసులూ తేలలేదు.

జీపీఎఫ్ డబ్బు 2003 మే 25న మంజూరైంది. ప్రొవిజనల్ (తాత్కాలిక) పెన్షన్ 90 శాతం లెక్కన 2004 మార్చి 18న మంజూరైంది. అంటే రిటైరైన ఏడాదిన్నర తర్వాత. మిగతా 10 శాతం పెన్షన్, సస్పెన్షన్ కాలపు జీతం కేసులు తేలేదాకా ఇచ్చేది లేదన్నారు. గ్రాట్యుటీ, సెలవుల నగదు (వాడుకోని సెలవులకు ఇచ్చే డబ్బు) కూడా చేతికి రాలేదు.

ఆయన హైకోర్టుకు వెళ్లారు. 1980 జూలై 31 నాటి బీహార్ ఆర్థిక శాఖ 3014 నంబరు తీర్మానం ప్రకారం ఈయన క్లెయిమును పరిశీలించండి అంటూ కోర్టు కేసును మళ్లీ శాఖకే పంపింది. శాఖ పరిశీలించి, 2006 మార్చి 16న తిరస్కరించింది. ఆయన మళ్లీ రిట్ వేశారు. సింగిల్ జడ్జి కొట్టేశారు. అక్కడితో ఆగిపోయి ఉంటే కథ ముగిసేదే. ఆయన అప్పీలుకు వెళ్లారు. సరిగ్గా అదే సమయంలో, 2007 ఆగస్టు 28న, జార్ఖండ్ హైకోర్టు ఫుల్ బెంచ్ వేరొక కేసులో ఇదే ప్రశ్న తేల్చింది. బీహార్ పెన్షన్ రూల్సులోని 43(ఎ), 43(బి) కింద, విచారణ గానీ క్రిమినల్ కేసు గానీ నడుస్తుండగా పెన్షన్, గ్రాట్యుటీ ఆపే అధికారం ప్రభుత్వానికి లేదని, సెలవుల నగదును ఆపే అధికారమైతే ఏ దశలోనూ లేదని చెప్పింది. దాన్ని అనుసరించి 2007 అక్టోబరు 31న డివిజన్ బెంచ్ ఈయన అప్పీలును ఆమోదించింది. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. చివరి తీర్పు వచ్చేనాటికి ఆయన రిటైరై దాదాపు పదకొండేళ్లు.

ఈ పదకొండేళ్ల మాట ఇక్కడ ఆగి చెప్పుకోవాలి. పిల్లల పెళ్లిళ్లు, ఇంటి అప్పు, ఆరోగ్యం చెడే వయసు, అన్నీ ఆ కాలంలోనే పడతాయి. గ్రాట్యుటీ చేతికొస్తే అప్పు తీర్చేద్దామని లెక్క వేసుకున్న మనిషికి ఆ లెక్క తప్పితే ఇంకో దారి ఉండదు. తప్పు చేశాడో లేదో తేలకముందే ఆ భారం మొత్తం కుటుంబం మీద పడుతుంది. మరోవైపు ప్రజల డబ్బు తిన్నవాడు రిటైరైన మర్నాడే అన్నీ తీసుకుని వెళ్లిపోతే తర్వాత రికవరీ ఎక్కడి నుంచి అన్న ప్రశ్న కూడా నిజమైనదే. ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలో చెప్పాల్సింది రూలు. ఆ గీత రూల్సులోనే లేకపోతే ఏమవుతుందన్నదే జార్ఖండ్ కేసు.

సుప్రీంకోర్టు ఏం చూసింది

జస్టిస్ కె.ఎస్.రాధాకృష్ణన్, జస్టిస్ ఎ.కె.సిక్రీల ధర్మాసనం ఇది. తీర్పు రాసింది జస్టిస్ సిక్రీ. పెన్షన్ రూల్సులో ఎలాంటి నిబంధనా లేనప్పుడు, విచారణ పెండింగ్‌లో ఉందన్న కారణంతో ప్రభుత్వం పెన్షన్‌లో, గ్రాట్యుటీలో కొంత ఆపగలదా అన్నది ప్రశ్న. "నిబంధన లేనప్పుడు" అన్న మాట ప్రశ్నలోనే ఉందని గమనించండి.

రూలు 43(బి) ఏం చెబుతుంది? పెన్షనరు తీవ్రమైన దుష్ప్రవర్తనకు పాల్పడ్డాడని గానీ, ప్రభుత్వానికి నష్టం తెచ్చాడని గానీ విచారణలో లేదా కోర్టులో తేలితే, పెన్షన్ మొత్తం లేదా కొంత ఆపవచ్చు, నష్టాన్ని రాబట్టవచ్చు. ఇందులో కీలకం "తేలితే" అన్న షరతు. తేలిన తర్వాత వేసే శిక్షకు ఇది ఆధారం. తేలేదాకా ముందు జాగ్రత్తగా ఆపి ఉంచడం గురించి ఆ రూలులో ఒక్క ముక్క లేదు. సెలవుల నగదు ప్రస్తావన అసలే లేదు.

రూల్సులో అలాంటి నిబంధన లేదన్నది ప్రభుత్వం కాదనలేకపోయింది. రూలు లేకపోయినా పరిపాలనా సూచనలు, సర్క్యులర్లు ఉన్నాయి, వాటి కింద ఆపాం అన్నది దాని వాదన.

కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. పెన్షన్ దయతో ఇచ్చేది కాదని, అది ఉద్యోగి సంపాదించుకున్న ఆస్తి అని 1971లో దేవకీనందన్ ప్రసాద్ కేసులో రాజ్యాంగ ధర్మాసనం ముందే చెప్పి ఉంది. అదీ బీహార్ ఉద్యోగి కేసే. తర్వాత నకారా కేసులో, 1982 డిసెంబరు 17న, అదే మాట ఇంకా గట్టిగా వచ్చింది. ఏటా ఆ తేదీన పెన్షనర్ల దినం జరుపుకొనేది ఆ తీర్పు పేరు మీదే. ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల జాబితా నుంచి 44వ సవరణతో బయటికి వెళ్లినా, 300ఎ అధికరణం కింద రాజ్యాంగ హక్కుగా మిగిలింది. చట్టం ఆధారం లేకుండా ఎవరి ఆస్తినీ లాక్కోకూడదని ఆ అధికరణం చెబుతుంది. మరి సర్క్యులర్ చట్టమా? కాదు. చట్టబద్ధమైన రూలు కాని కాగితం చూపించి పెన్షన్‌లో 10 శాతం కాదు కదా, అందులో చిన్న భాగం కూడా ఆపలేరని కోర్టు తేల్చింది. అప్పీళ్లను ఒక్కొక్కదానికి 10 వేల రూపాయల ఖర్చులతో కొట్టేసింది.

అయితే ఆ చివరి పేరాల్లోనే ఇంకో మాట కూడా ఉంది. రూల్సులో అలాంటి నిబంధన ఉండి ఉంటే పరిస్థితి వేరుగా ఉండేదని కోర్టు స్పష్టంగా రాసింది. జెరాక్స్ కాపీల్లో చాలామంది గీత గీయకుండా వదిలేసే వాక్యం ఇదే. కౌంటర్ (పిటిషన్‌కు జవాబు) వేసే ప్రభుత్వ న్యాయవాది మొదట ఎత్తి చూపించేదీ ఇదే.

అక్కడ సర్క్యులర్, ఇక్కడ రూలు

బీహార్ ఆర్థిక శాఖ తీర్మానం రాసింది 1980లో. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సవరించిన పెన్షన్ రూల్సు తెచ్చిందీ 1980లోనే. అక్కడ తీర్మానంతో సరిపెట్టుకున్నారు. ఇక్కడ రాజ్యాంగంలోని 309 అధికరణం కింద రూల్సు చేశారు. ఫలితం ఏమిటంటే, జార్ఖండ్‌లో ఓడిపోయిన వాదనకు మన దగ్గర రూలు అండ ఉంది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ కూడా ఇవే రూల్సుతో నడుస్తోంది కాబట్టి రెండు చోట్లా పరిస్థితి ఒకటే.

మన రూల్సులో రెండు వేర్వేరు అధికారాలున్నాయి. వీటిని కలిపేయడం వల్లే సగం గందరగోళం.

మొదటిది రూలు 9(1). తీవ్రమైన దుష్ప్రవర్తన లేదా నిర్లక్ష్యం రుజువైతే పెన్షన్‌ను గానీ గ్రాట్యుటీని గానీ రెంటినీ గానీ పూర్తిగా లేదా కొంత ఆపడం, పెన్షన్‌ను వెనక్కి తీసుకోవడం, నష్టం రాబట్టడం. ఇది శిక్ష. బీహార్ 43(బి)కి దగ్గరి చుట్టం.

రెండోది రూలు 9(4), దానితో కలిపి చదవాల్సిన రూలు 52. శాఖాపరమైన లేదా న్యాయపరమైన చర్యలు మొదలై పెండింగ్‌లో ఉండగా ఉద్యోగి రిటైరైతే ప్రొవిజనల్ పెన్షన్ ఇవ్వాలి. చర్యలు ముగిసి తుది ఉత్తర్వులు వచ్చేదాకా గ్రాట్యుటీ ఇవ్వకూడదు. చిన్న శిక్షల కోసం పెట్టిన విచారణ అయితే గ్రాట్యుటీ ఆపనక్కర్లేదని మినహాయింపు కూడా అక్కడే ఉంది. బీహార్ రూల్సులో లేని ముక్క ఇదే. వీటికి తోడు, చర్యలు పెండింగ్‌లో ఉన్నంతకాలం పెన్షన్ కమ్యుటేషన్ (పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి తీసుకోవడం) కుదరదని కమ్యుటేషన్ రూల్సు విడిగా చెబుతాయి.

కాబట్టి ఏసీబీ కోర్టులో విచారణ నడుస్తున్న ఉద్యోగి జార్ఖండ్ తీర్పు పట్టుకుని "నా గ్రాట్యుటీ ఇప్పించండి" అంటే కోర్టు రూలు 52 చూపించి పంపించేస్తుంది. ఆ మాట ముందే చెప్పడం న్యాయవాదిగా నా బాధ్యత అనుకుంటాను. చెప్పినప్పుడు ఎదుటి మనిషి ముఖం వాడిపోతుంది, అయినా చెప్పాలి.

అయితే రూలు 52ను ఆఫీసులు చదివే తీరులోనూ తప్పుంది. ప్రొవిజనల్ పెన్షన్ ఇవ్వడం ఆఫీసు ఇష్టానికి వదిలిన విషయం కాదు, ఇచ్చి తీరాలి. కేసు ఉందన్న ఒక్క కారణంతో అసలేమీ ఇవ్వకుండా ఫైలు పక్కన పెట్టడం రూలుకు పూర్తి విరుద్ధం. నేను చూసిన ఫైళ్లలో ఎక్కువగా కనిపించే అంకె 75 శాతం. అంటే నిండు సర్వీసుతో 80 వేల మూల వేతనం మీద రిటైరైనవారికి పెన్షన్ 40 వేలు కావాలి, ప్రొవిజనల్‌గా 30 వేలు వస్తుంది. నెలకు 10 వేల తేడా, పైగా గ్రాట్యుటీ లేదు, కమ్యుటేషన్ లేదు. 2022 పీఆర్సీ (వేతన సవరణ)తో ఏపీలో గ్రాట్యుటీ గరిష్ఠ పరిమితి 16 లక్షలకు పెరిగిందని గుర్తుంచుకుంటే ఆగిపోయే మొత్తం ఎంతో అర్థమవుతుంది. చివరికి తుది పెన్షన్ ప్రొవిజనల్ కన్నా తక్కువగా తేలినా, ఇచ్చిన ప్రొవిజనల్ పెన్షన్‌ను వెనక్కి రాబట్టకూడదని కూడా రూలు 52లోనే ఉంది. భయపడి ఆ డబ్బు ముట్టుకోకుండా దాచుకున్నవాళ్లు ఉన్నారు, అందుకని చెబుతున్నాను.

అసలు పోరాటం తేదీ మీద

మన దగ్గర గెలుపోటములు ఎక్కువగా తేలేది ఒక్క ప్రశ్న మీద. చర్యలు "మొదలైనట్టు" ఎప్పుడు లెక్క? దీనికి రూలు 9(6) జవాబిస్తుంది, ఊహకు వదలలేదు. శాఖాపరమైన చర్యలు మొదలైనట్టు లెక్క ఉద్యోగికి ఛార్జి మెమో (శాఖ రాసిచ్చే ఆరోపణల పత్రం) ఇచ్చిన రోజు. అంతకన్నా ముందే సస్పెండ్ చేసి ఉంటే సస్పెన్షన్ తేదీ. క్రిమినల్ కేసులో అయితే, కోర్టు కాగ్నిజెన్స్ తీసుకున్న (అంటే విచారణకు స్వీకరించిన) పోలీసు రిపోర్టు ఏ రోజు దాఖలైందో ఆ రోజు. మామూలు మాటల్లో ఛార్జిషీటు వేసిన తేదీ, అదీ కోర్టు దాన్ని స్వీకరించి ఉంటేనే.

ఈ లెక్కలో ఎఫ్ఐఆర్ ఎక్కడా లేదు. ఏసీబీ ఎఫ్ఐఆర్ కట్టింది, పేపర్లో ఫొటో వచ్చింది, ఇల్లు సోదా చేశారు, బ్యాంకు ఖాతాలు ఆపారు. ఇవన్నీ జరిగినా రూలు ప్రకారం న్యాయపరమైన చర్యలు మొదలైనట్టు కాదు. అది దర్యాప్తు మాత్రమే. పదోన్నతుల విషయంలో 1991లో జానకిరామన్ కేసులో సుప్రీంకోర్టు ఇదే తర్కం చెప్పింది. ఛార్జి మెమో గానీ ఛార్జిషీటు గానీ లేకుండా, ప్రాథమిక దర్యాప్తు నడుస్తోందన్న కారణం చాలదని అందులో తేల్చారు.

ట్రాప్ కేసు (లంచం తీసుకుంటుండగా వల పన్ని పట్టుకున్న కేసు) కన్నా ఆదాయానికి మించిన ఆస్తుల కేసులో ఈ తేడా చాలా పెద్దది. ట్రాప్ కేసులో సాక్ష్యం ఆ రోజే దొరుకుతుంది. ఆస్తుల కేసులో ఇరవై, ముప్పై ఏళ్ల జీతం, ఖర్చు, భార్య తరపు ఆస్తి, అమ్మిన పొలం, పిల్లల చదువు, అన్నీ లెక్కగట్టాలి. దర్యాప్తు ఏళ్లు పడుతుంది. తర్వాత ఏసీబీ తుది నివేదిక ప్రభుత్వానికి వెళ్లాలి, ప్రాసిక్యూషన్‌కు అనుమతి రావాలి. 2018 జూలై 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణతో, నేరం జరిగిందంటున్న సమయంలో ఉద్యోగంలో ఉండి తర్వాత రిటైరైనవారి మీద కూడా అవినీతి నిరోధక చట్టం 19వ సెక్షన్ కింద అనుమతి తప్పనిసరి అయింది. మూడు నెలల్లో, తప్పదనుకుంటే మరో నెలలో తేల్చమని చట్టం చెబుతుంది. అనుమతి లేకుండా కోర్టు కాగ్నిజెన్స్ తీసుకోదు. కాగ్నిజెన్స్ లేకపోతే 9(6) ప్రకారం చర్యలు మొదలు కాలేదు. లోపాలున్నాయని కోర్టు వెనక్కి తిప్పి పంపిన ఛార్జిషీటును చూపించి "కేసు కోర్టులో ఉంది" అని రాసే కౌంటర్లు వస్తుంటాయి. వాటిని గట్టిగా ఎదుర్కోవాలి.

అలాంటి కేసు ఒకటి నాకు బాగా గుర్తుంది. వివరాలు మార్చి చెబుతాను. ఆస్తుల కేసులో ఎఫ్ఐఆర్ పడింది, సస్పెండ్ చేశారు, తర్వాత సస్పెన్షన్ ఎత్తేసి తిరిగి విధుల్లోకి తీసుకున్నారు. ఛార్జి మెమో ఇవ్వలేదు, ఛార్జిషీటు పడలేదు. ఆయన మామూలుగానే రిటైరయ్యారు. పెన్షన్ ప్రతిపాదనలతో పాటు "శాఖాపరమైన, న్యాయపరమైన చర్యలేవీ పెండింగ్‌లో లేవు" అనే ధ్రువపత్రం వెళ్లాలి. ఆఫీసు అధికారి సంతకం పెట్టడానికి జంకారు. ఎఫ్ఐఆర్ ఉందని తెలిసీ సంతకం పెడితే రేపు తన మెడకు చుట్టుకుంటుందని ఆయన భయం. అది దుర్మార్గం కాదు, మన ఆఫీసుల్లో సహజమైన భయం. కానీ ఆ భయం వల్ల ఒక కుటుంబానికి నెలల తరబడి పైసా రాలేదు.

రిట్‌లో నేను జార్ఖండ్ తీర్పును మొదటి వాదనగా పెట్టలేదు. 9(6) పెట్టాను. ఛార్జి మెమో తేదీ చెప్పండి, ఛార్జిషీటు తేదీ చెప్పండి అని అడిగాను. ప్రభుత్వం సస్పెన్షన్ తేదీ చూపించింది. ఎత్తేసిన సస్పెన్షన్, దాని వెనక ఛార్జి మెమో ఏదీ లేనప్పుడు, ఏ చర్యకు మొదలు అవుతుందన్నది నా సమాధానం. ఈ అంశం మీద రెండు వైపులా వాదించడానికి చోటుంది, తేలిగ్గా గెలిచేస్తామని ఎవరికీ హామీ ఇవ్వకూడదు. సస్పెన్షన్‌లో ఉండగానే రిటైరైనవారి సంగతి మాత్రం వేరు. వాళ్లకు ఛార్జి మెమో రాకపోయినా చర్యలు మొదలైనట్టే లెక్క, రూలులో ఆ మాట సూటిగా ఉంది. జార్ఖండ్ తీర్పును నేను రెండో మెట్టుగా వాడాను. రూలు 9(4), 52 వర్తించవని తేలితే ఇక మిగిలేది ఆఫీసు భయం, లోపలి మెమోలు. వాటితో 300ఎ అధికరణాన్ని దాటలేరు. ఆ వరుసలో పెడితే తీర్పుకు పూర్తి బలం వస్తుంది. మొదటే పెడితే "మాకు రూలుంది" అన్న ఒక్క మాటతో పోతుంది. చివరికి దర్యాప్తు కొనసాగవచ్చని, పెన్షన్ కాగితాలు మాత్రం పంపాలని ఉత్తర్వు వచ్చింది.

సెలవుల నగదు ఆపడానికి ఏ రూలూ చూపించలేకపోతే జార్ఖండ్ తీర్పును మన దగ్గరా వాడుకోవచ్చు. రూలు 9, రూలు 52 పెన్షన్, గ్రాట్యుటీ గురించే మాట్లాడతాయి. సెలవుల నగదు ఆపినప్పుడు ఏ రూలు కింద ఆపారో ఆపినవాళ్లే చూపించాలి. పెన్షన్ రూల్సు చూపిస్తే చాలదు. జీపీఎఫ్, గ్రూప్ ఇన్సూరెన్స్, ప్రభుత్వ జీవిత బీమా ఉద్యోగి సొంత చందాలు. వాటిని కేసుతో ముడిపెట్టకూడదు.

నాలుగేళ్ల గడువు

ఉద్యోగంలో ఉండగా ఛార్జి మెమో ఇవ్వకుండా, సస్పెండ్ కూడా చేయకుండా వదిలేసి, రిటైరయ్యాక నిద్ర లేచి మెమో పంపే సందర్భాలున్నాయి. రూలు 9(2)(బి) రెండు షరతులు పెడుతుంది. ప్రభుత్వం అనుమతి ఉండాలి. ఘటన జరిగి నాలుగేళ్లు దాటి ఉండకూడదు. ఉదాహరణకు ఘటన 2019 మార్చిలో, రిటైర్‌మెంట్ 2021లో, ఛార్జి మెమో 2023 ఏప్రిల్‌లో అయితే ఆ మెమో చెల్లదు. మెమో చేతికి రాగానే ముందు అందులోని ఘటన తేదీ, మెమో అందిన తేదీ, అనుమతి ఇచ్చింది ప్రభుత్వమా లేక శాఖాధిపతా అన్న మూడూ చూడాలి. ఆరోపణలకు వివరణ రాయడం మొదలుపెట్టేది ఆ తర్వాతే. బీహార్ 43(బి)లో కూడా ఇదే నాలుగేళ్ల హద్దు ఉంది.  అయితే మెమో కొట్టేయించుకున్నంత మాత్రాన క్రిమినల్ కేసు పోదు.

రూలు వచ్చాక, తీర్పు వచ్చాక

జార్ఖండ్ తీర్పుకు ఏడాది ముందే, 2012 జూలై 19న, బీహార్ తన పెన్షన్ రూల్సులో 43(సి) చేర్చి లోటు పూడ్చుకుంది. ఆ రూలు రాకముందు రిటైరైన ఒక బీహార్ ఉద్యోగి కేసు 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో తేలింది. 2012కు ముందు కాలానికి సర్క్యులర్లు చూపించి పెన్షన్ ఆపడం చెల్లదని మళ్లీ చెప్పారు. రూలు ఏ రోజు నుంచి ఉందో ఆ రోజు నుంచే దాని బలం. పాత రిటైర్‌మెంట్లకు కొత్త జీవో చూపించే ఫైళ్లలో ఈ తీర్పు చాలా ఉపయోగపడుతుంది.

శిక్ష పడితే ఏమవుతుందన్నది అందరికీ ఉండే టెన్షన్. శిక్ష పడిన మర్నాడే పెన్షన్ దానంతట అది ఆగిపోదు. రూలు 9 కింద ప్రభుత్వం నిర్ణయం తీసుకోవాలి, కారణం చూపమని నోటీసు ఇవ్వాలి. పైకోర్టులో జైలు శిక్ష అమలు ఆపించుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. శిక్ష అమలు ఆగినా, దోషి అన్న నిర్ధారణ అలాగే ఉంటుంది. ప్రభుత్వం దాని ఆధారంగానే ఉత్తర్వులు ఇవ్వగలదు.

నిర్దోషిగా బయటపడితే రావలసినవన్నీ రావాలి. ఆచరణలో రెండు అడ్డంకులు వస్తాయి. ప్రభుత్వం అప్పీలు వేశాం కాబట్టి చర్యలు ఇంకా పెండింగే అంటుంది. లేదా శాఖాపరమైన విచారణ విడిగా ఉందంటుంది. అప్పీలు ఇంకా వేయకుండా, వేసే ఆలోచనలో ఉన్నామంటూ ఏళ్లు గడిపితే మాత్రం ఒప్పుకోకూడదు. తీర్పు కాపీ జతచేసి వెంటనే అర్జీ పెట్టండి, రసీదు తీసుకోండి. గ్రాట్యుటీ మీద వడ్డీ అడగాలంటే ఆలస్యం ఎప్పటి నుంచో చూపించే కాగితం ఆ రసీదే. అప్పీలు నిజంగా పెండింగ్‌లో ఉంటే, తీర్పు తిరగబడితే డబ్బు తిరిగి కడతానన్న హామీపత్రంతో విడుదల అడగవచ్చు.

కేసు నడుస్తుండగా పెన్షనరు చనిపోతే ఆయన మీద శాఖాపరమైన చర్యలూ, విచారణ దశలో ఉన్న క్రిమినల్ కేసూ అక్కడితో ముగుస్తాయి. భార్యకు ఫ్యామిలీ పెన్షన్ ఆపడానికి ఆ కేసు కారణం కాదు. ఆపి ఉంచిన గ్రాట్యుటీ కోసం కూడా ఆమె అడగాలి. చాలా ఇళ్లలో ఈ సంగతి ఎవరూ చెప్పరు. భర్త కేసులో తమకూ ఏదో చుట్టుకుంటుందన్న భయంతో ఆమె ఆఫీసు గడప తొక్కదు. ప్రొవిజనల్ పెన్షన్ కాగితాలు పంపేటప్పుడే భార్య పేరు, పుట్టిన తేదీ, ఉమ్మడి ఫొటో, నామినేషన్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోమని నేను ప్రతి క్లయింటుకూ చెబుతాను. కేసు ఫైలుతో సంబంధం లేకుండా, ఆ కాగితాల నకళ్లు ఒక సెట్టు ఆమె దగ్గర విడిగా ఉండాలి.